గంప అరుపు

నరసన్నపేటలో ధనరాజు పేరు చెబితే ఎవరూ తల తిప్పరు. చేపల అమ్మడు కొడుకు అంటే మాత్రం, ఆ చదువు మానేసినవాడేనా అని ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు. అదే బెంగళూరులోనో గౌహతిలోనో, జుట్టుకి రంగేసుకుని నల్లచొక్కాలు తొడుక్కు తిరిగే కుర్రాళ్ల దగ్గర ‘గంప రాజు’ అని చూడండి, భుజం మీద చెయ్యేసి టీ తాగిస్తారు. అలాంటి కుర్రాళ్లు దేశం మొత్తం మీద రెండు పెళ్లిబస్సులకి సరిపోతారేమో, అంతకు మించి లేరు. అయినా వాళ్ల మధ్య అతనికో పేరుంది. ఆ పేరు ఎలా వచ్చిందో చూడాల్సిన మనిషి ప్రపంచంలో ఒక్కర్తే ఉందని ధనరాజు అనుకున్నాడు. ఆ ఒక్కర్తే చూడనంది.

ఆమె అతని తల్లి అమ్మడు.

వాళ్లది ఇసుకలపేట, నరసన్నపేటకి తూర్పున సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. తండ్రి కూర్మయ్య ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లో, వీరావల్ బోట్ల మీద ఉండేవాడు. ఒక ఏడు జ్వరమొచ్చి అక్కడే పోయాడు. ఆ తర్వాత ఇల్లు నడిచింది అమ్మడు గంప మీద. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆమె గొంతు మీద. తెల్లవారి ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని, గంప నెత్తికెత్తుకుని, నరసన్నపేట వీధుల్లోకి వచ్చి ఎడంచెయ్యి చెవి పక్కన పెట్టుకుని ఒక్క అరుపు అరిచేది.

“సేపలేయ్... నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలేయ్...”

ఒక వీధిలో అరిస్తే నాలుగో వీధిలో పిల్లులు లేచి కూర్చునేవి. చివర్న సాగదీయదు, తుంచేస్తుంది. ఆ తుంచిన చోట ఇళ్ల తలుపులు తెరుచుకునేవి. వేసవి సెలవుల్లో ఆమె వెంట తిరిగిన ధనరాజుకి ఆ అరుపు గొంతులోంచి రాదనీ, బొడ్డు కిందెక్కడి నుంచో లేచి వస్తుందనీ ఎవరూ చెప్పకుండానే తెలుసు. గంప కిందే నడిచేవాడు కాబట్టి ఆమె పొట్ట బిగుసుకోవడం రోజూ చూసేవాడు.

అంత అరిచే మనిషి ఇంటికొచ్చాక కొడుకుని మాత్రం అరవనిచ్చేది కాదు. చేపలు కొనే ఇళ్లలో ఒక బ్యాంకు మేనేజరు ఉండేవాడు. ఆయన ఎంత మెల్లగా మాట్లాడేవాడంటే, ఎదుటివాళ్లు నడుం వంచి వినాల్సి వచ్చేది. మనిషి పెద్దవాడయ్యాడనడానికి అమ్మడికి అదే గుర్తు. కొడుకు ఎప్పుడు గొంతెత్తినా “మెల్లగ మాటాడరా, మేనేజరు లాగ” అని నెత్తి మీద మొట్టేది.

మేనేజరు చేద్దామనే అతన్ని చీపురుపల్లి దగ్గర ఇంజనీరింగు కాలేజీలో వేసింది. ధనరాజు విజయనగరంలో గది తీసుకుని రోజూ బస్సులో వెళ్లొచ్చేవాడు. ఆ గదిలోనే త్రినాథ్ పరిచయమయ్యాడు. త్రినాథ్‌కి మృదంగం నేర్పిద్దామని వాళ్ల నాన్న ఆశపడితే, గురువుగారు రెండు నెలలు ఓర్చుకుని, వీడికి చర్మవాద్యం ఇస్తే చర్మం మిగలదని పంపేశారు. అప్పటి నుంచి ఖాళీ రంగు డబ్బాలు బోర్లించి వాయించేవాడు. ఒకరోజు ఎవరి పెన్‌డ్రైవులోంచో ఒక పాట పెట్టాడు. హార్డ్‌కోర్ పంక్ అంటారన్నాడు. పాట నిమిషం, మహా అయితే నిమిషంన్నర. అందులో రాగం వెతక్కండి, దొరకదు. డ్రమ్ములు తరుముతుంటాయి, గిటారు గీరుకుపోతుంటుంది, ఒక మనిషి ఒళ్లంతా నోరు చేసుకుని అరుస్తాడు. పక్కగది వాళ్లు గోడ బాదారు. ధనరాజు మాత్రం లేచి నిలబడిపోయాడు. ఆ అరిచేవాడిది ఏ దేశమో, ఏ భాషో తెలియదు. కానీ వాడూ చివర్న తుంచుతున్నాడు.

అలా పుట్టింది బ్యాండు. ఊరి చివర మూతపడ్డ బియ్యం మిల్లు గోడౌనులో సాధన. గిటారుకి మోహనకృష్ణ కలిశాడు. పేరేం పెడదామంటే ధనరాజు ‘గంప’ అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు గానీ అంతకంటే మంచిది తోచలేదు, అదే ఉండిపోయింది. విశాఖపట్నంలో ఒక హోటలు కింద సెల్లారులో మొదటి ప్రదర్శన ఇచ్చారు. ముప్పైమంది కూడా లేరు. ధనరాజు మైకు ముందు నిలబడి తెలియకుండానే ఎడంచెయ్యి చెవి పక్కన పెట్టుకున్నాడు. కింది కుర్రాళ్లూ అలాగే పెట్టారు. తర్వాత అది వాళ్ల బ్యాండు గుర్తయి చొక్కాల మీదకి కూడా ఎక్కింది.

ఇవేవీ తెలియకముందే అమ్మడికి తెలిసింది ఒకటే, కొడుకు మూడో ఏడు పరీక్షలు రాయలేదని. అడిగితే బ్యాండు అన్నాడు. ఏటి సేస్తావందులో అంది. అరుస్తానమ్మా అన్నాడు, నిజమే కదా అని. అమ్మడు అప్పుడే ఊరు తిరిగొచ్చింది, గంప దించి గోడ వారగా పెట్టింది.

“నువ్వు అరవకుండ బతకాలని గదరా నాను అరిసేను,” అంది.

ఆ మాటకి ధనరాజు జవాబు తయారైంది ఆ మరుసటి ఏడు, ఒక పాటగా. దాని పేరు ‘గంప దించు’. పాటంతా కలిపి మాటలు ఆ రెండే. కావలిస్తే మధ్యలో ఒక ‘కంపు’ ఉంటుంది. అతను ‘గంప’ అంటే జనం ‘దించు’ అని కప్పు ఎగిరిపోయేలా అరవాలి. ఆ పాట కోల్‌కతాలో అరిచారు, గౌహతిలో వానలో తడుస్తూ అరిచారు, తెలుగు ముక్క రానివాళ్లు కూడా గొంతులు చించుకున్నారు. మలేసియాలో ఎవరో దాన్ని క్యాసెట్టుగా వేశారు. రైళ్లలో జనరల్ బోగీలో డ్రమ్ముల మీద పడుకుని, ఒక బిరియానీ పొట్లం ముగ్గురూ పంచుకుని తిరిగిన ఆ ఏడెనిమిదేళ్లూ ధనరాజుకి పండగే. ప్రతి ఊళ్లోనూ పాట మొదలుపెట్టే ముందు జనంలోకి ఒకసారి చూసేవాడు. అమ్మ గౌహతి ఎందుకొస్తుంది? రాదని తెలుసు. అయినా చూసేవాడు.

ఇసుకలపేటలో ఎవరో ఆ పాట ఫోనులో పెట్టి, నీ కొడుకేనే అని అమ్మడికి వినిపించారట. ఆమె వలలు బాగుచేసే పాకలో కూర్చుని ఉందట. సగం విని, లేచి, చీర దులుపుకుని ఒడ్డు వైపు నడిచి వెళ్లిపోయిందట. ఈ సంగతి మేనమామ ఎర్రన్న చెప్పగా విన్న రోజు నుంచి ధనరాజు ఇంటికి వెళ్లడం తగ్గించాడు. ఫోను మాత్రం మానలేదు. తిన్నావా అని ఆమె, తిన్నాను, నువ్వు తిన్నావా అని ఇతను. తల్లీకొడుకులు తిండి సంగతి తప్ప ఇంకేదీ మాట్లాడుకోకుండా ఏళ్లు గడపగలరంటే నమ్మబుద్ధి కాదు గానీ, మన ఇళ్లలో అది మామూలే.

తర్వాత మోహనకృష్ణకి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, గిటారు అటక ఎక్కింది. కొత్తవాళ్లు వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. ప్రదర్శనలు ఏడాదికి ఒకటో రెండో మిగిలాయి. ధనరాజు విజయనగరంలో ఒక మైక్‌సెట్ షాపులో ఆంప్లిఫయర్లు బాగుచేసే పనిలో కుదిరాడు. ఆ పని మీదే ఒక పొద్దున నరసన్నపేట వచ్చినప్పుడు జరిగిందది.

ఒక సందులోంచి చేపల అరుపు వినబడింది. మగ గొంతు. గోదావరి వైపు యాస. మళ్లీ మళ్లీ అదే మాట, అదే ఎత్తు, మధ్యలో ఊపిరి కూడా తీసుకోవడం లేదు. బండి వాళ్లు వాడే రికార్డింగు మైకది. ఈ మధ్య ఉల్లిపాయల నుంచి ఉప్పు దాకా అన్నీ అలాగే అమ్ముతున్నారు కదా అనుకుంటూ తలెత్తి చూశాడు. గంప కింద అమ్మడు. గంపకి పురికొసతో కట్టిన గొట్టం మైకు. అందులోంచి ఎవడో పరాయివాడు ఆమె చేపల పేర్లు చెబుతున్నాడు. ఆమె నోరు మూసుకుని నడుస్తోంది.

గొంతు బాగులేదని ఎర్రన్న ఎప్పుడో అన్నాడు. జలుబనుకున్నాడు ధనరాజు. ఇన్నేళ్ల అరుపుకి గొంతు అరిగిపోయిందని, ఇప్పుడు గుసగుస తప్ప పైకి రాదని ఎవరూ విడమర్చి చెప్పలేదు. ఫోనులో ఆమె మాట సన్నగా వినబడితే సిగ్నల్ అనుకున్నాడు, వెధవ. ఎదురు వెళ్లాలనుకున్నాడు. కానీ మందుల షాపు పక్కకి తప్పుకుని, ఆ పరాయి గొంతు దూరమయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. తనకి గుర్తున్న అరుపు ఇక లోకంలో ఎక్కడా లేదని అప్పుడు తట్టి, కళ్లంట నీళ్లొచ్చాయి.

కొన్ని నెలలకి ఇసుకలపేటలో గంగమ్మ పండగ వచ్చింది. పండగకి కుదిరిన ఆర్కెస్ట్రా వాళ్లు ఎక్కువిచ్చేవాళ్లు దొరికి ఎగ్గొట్టారు. పండగ పెద్ద ఎర్రన్నే. పరువు పోయేలా ఉందని ధనరాజుకి ఫోను చేశాడు. నువ్వేదో బేండు కడతావట గదా, ఏదో ఒకటి వాయించి పొమ్మన్నాడు. ధనరాజు ఒకటే అడిగాడు, అమ్మ ఉంటుందా అని. ఊరు ఊరంతా ఉంటాదిరా అన్నాడు ఎర్రన్న.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఊళ్లో పండగ నాడు గంగమ్మ తల్లి గున్నమ్మ అనే ముసలామె ఒంటి మీదకి వచ్చేది. మగవాళ్లలో సగంమంది వీరావల్‌లోనో, సముద్రంలోనో ఉండే ఊరు కాబట్టి ఆడవాళ్లు అడగాల్సినవన్నీ ఆ ఒక్కరోజూ తల్లినే అడిగేవారు. గున్నమ్మ రెండేళ్ల కింద పోయింది. ఆ తర్వాత తల్లి ఎవరి మీదకీ రాలేదు. అడగాల్సినవి అందరి కడుపుల్లోనూ ఉండిపోయాయి.

పొద్దు వాలే వేళకి గుడి ముందు ఇసకలో ట్రాక్టరు తొట్టి నిలబెట్టి దాన్నే స్టేజీ చేశారు. త్రినాథ్, అరువు గిటారు కుర్రాడు, ధనరాజు. మొదటి పాటకి ముసలాళ్లు చెవులు మూసుకున్నారు. రెండోదానికి కొందరు నవ్వారు. ధనరాజు కళ్లు జనంలో వెతుకుతూనే ఉన్నాయి. ఆడవాళ్ల వరసలో, గుడి అరుగు మూల, తల మీదుగా కొంగు కప్పుకుని అమ్మడు కనబడింది. ఇన్ని ఊళ్లు వెతికిన ముఖం అది. అతను త్రినాథ్ వైపు తిరిగి ‘గంప దించు’ అన్నాడు.

అంతగా ఎప్పుడూ అరవలేదతను. మోకాళ్ల మీద కూలబడి, జుట్టు విరబోసుకుని, తొట్టి మీంచి ఇసకలోకి దూకి, నడుం విరిగేలా ఊగుతూ అరిచాడు. ఊరి డప్పులవాళ్లకి త్రినాథ్ దెబ్బ నచ్చిందో ఏమో, వాళ్లూ అందుకున్నారు. ఎవరో తల మీంచి పసుపు నీళ్లు పోశారు. బెంగళూరులో బీరు పోసేవాళ్లు కాబట్టి ధనరాజు పట్టించుకోలేదు. మెడలో వేపమండలు పడ్డాయి. అదేదో అభిమానం అనుకున్నాడు. కూర్మమ్మ అనే పెద్దావిడ కాళ్ల మీద పడి, “నా పెనిమిటి బోటు ఎప్పుడొస్తాది తల్లీ?” అని అడిగాక గానీ అతని బుర్రకి ఎక్కలేదు.

చూస్తే చుట్టూ ఆడవాళ్లు చేతులు జోడించి నిలబడి ఉన్నారు. కొందరు ఏడుస్తున్నారు. రెండేళ్లకి తల్లి వచ్చిందని వాళ్ల సంతోషం. త్రినాథ్ ఎప్పుడో ఆపేశాడు, డప్పులు మాత్రం ఆగలేదు. రాని తల్లిని వచ్చిందని చెబితే ఆ ఊళ్లో అంతకంటే పాపం లేదు. రాలేదని చెబితే ఆ ముఖాలు ఏమవుతాయో. తొట్టి ఎక్కి పారిపోదామని తిరిగాడు. అప్పుడే ఆడవాళ్లు తప్పుకుని ఒకరికి దారిచ్చారు.

అమ్మడు వచ్చి ఎదురుగా నిలబడింది. కళ్లు అతని మీదే ఉన్నాయి గానీ కొడుకుని చూసే చూపు కాదది. ఆమె కూడా చేతులు జోడించింది. పెదాలు కదిలాయి, వినబడలేదు. నడుం వంచి చెవి దగ్గర పెట్టాడు.

“తల్లీ, నా కొడుక్కి నా మీద కోపం ఎప్పటికి తీరుతాది?” అంది ఆమె, అరిగిపోయిన గొంతుతో. “ఆ కండక్టరు నన్నన్న మాట పట్టుకుని ఊరూరా నన్నే తిడతన్నాడు. నానేటి తప్పు సేసేను?”

ధనరాజు చిన్నప్పుడు, గంపలు కంపు కొడతాయని చేపల ఆడవాళ్లని బస్సు ఎక్కనిచ్చేవారు కాదు. ఒకరోజు ఎక్కిన అమ్మడిని కండక్టరు ‘గంప దించు, దించు’ అని అరిచి, బస్సు ఆపి మరీ దింపేశాడు. ఆ అరుపే ఆ పాట. ఆ కండక్టరు మీద అరిచాడతను, ఇన్నేళ్లూ, ఇన్ని ఊళ్లలో. ఆమె మాత్రం పాకలో ఫోను ముందు కూర్చుని, కొడుకు నోట తనకి జరిగిన అవమానం విని, అది తనకే అనుకుని లేచి వెళ్లిపోయింది. ఆమెకి నచ్చనిది మోత అనుకున్నాడు ఇతను.

మైకు కింద పడేశాడు. మెడలో వేపమండలు తీసి కళ్లకద్దుకుని గుడి మెట్టు మీద పెట్టాడు. డప్పులు ఆగాయి.

“అమ్మా, నానే. తల్లి కాదు,” అన్నాడు మెల్లగా. “నిన్ను దింపినోడి మీద కోపమమ్మా అది. నీ మీద కాదు.”

“నీకెలగ తెలుసు ఆ మాట? నువ్వు సిన్నోడివి.”

“నీ సీర పట్టుకుని బస్సు మెట్టు మీదే ఉన్నాను గదా. నీ అరుపు తప్ప నాకు ఇంకో అరుపు రాదమ్మా.” ఎడంచెయ్యి చెవి పక్కన పెట్టి చూపించాడు.

అమ్మడు ఆ చేతిని చూసింది. తర్వాత కొంగుతో అతని ముఖం మీద పసుపు గట్టిగా, కోపంగా తుడిచింది, చిన్నప్పుడు చీమిడి తుడిచినట్టు. తల్లి రాలేదని తెలిసిన ఆడవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. నా మాట ఎవురు సెప్తారింక అని కూర్మమ్మ ఇసకలో కూర్చుండిపోయింది. ఆమె ముందు ధనరాజు తలెత్తలేకపోయాడు. ఎర్రన్న చేత చీవాట్లు తిని, కొబ్బరికాయ కొట్టి తల్లికి తప్పు చెప్పుకున్నాడు. ఆ తప్పు సగం తీరిందనీ, కూర్మమ్మ దగ్గరది తీరలేదనీ అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు పొద్దున్నే అమ్మడు గంపకి కట్టిన గొట్టం మైకు విప్పి తెచ్చి అతని ఒళ్లో పడేసింది. వీడి యాస నాకు పడదంది. అంతే, ఇంకో మాట లేదు. ధనరాజు పాత గొంతు చెరిపేసి, పెరట్లో నిలబడి చేపల పేర్లు అరిచాడు. బాగులేదంది. మళ్లీ అరిచాడు. ఆకర్న లాగకు, తుంచు అంది. నెత్తళ్లని అంత కోపంగా పిలిస్తే ఎవురు కొంటారు అంది. దేశం తిరిగొచ్చిన గాయకుణ్ని ఎండెక్కేదాకా అలా నిలబెట్టి, కూర కుదిరినట్టు తలాడించాక వదిలింది.

ఇద్దరూ ఒకే ఆటోలో నరసన్నపేట వచ్చారు. త్రినాథ్ హైవే మీద వ్యానులో ఎదురుచూస్తున్నాడు. ధనరాజు వెళ్లొస్తానని చెప్పి రెండడుగులు వేసి, ఆగి, మళ్లీ ఆమె వెనకే నడిచాడు, కనబడకుండా. వీధిలోకి తిరిగాక ఆమె మీట నొక్కింది. అతని గొంతు లేచింది. చెవి పక్కన చెయ్యి లేకుండానే, నోరు మెదపకుండానే అమ్మడు ఆ అరుపు కింద నడిచింది. తుంచిన చోట ఒక తలుపు తెరుచుకుంది. రిటైరైన బ్యాంకు మేనేజరుగారి ఇల్లు. ఆయన భార్య బయటికొచ్చి, ఎన్నాళ్లకి విన్నానే, గొంతు తిరిగొచ్చిందేటి అమ్మడూ అంది.

అమ్మడు గంప దించింది. మైకు ఆపింది. ధనరాజు పక్కింటి గోడకి ఆనుకుని చెవి ఒగ్గాడు. ఆమె గుసగుస అంత దూరం వస్తుందా అనుకున్నాడు గానీ, వీధి నిశ్శబ్దంగా ఉంది, వచ్చింది.

“నాది కాదమ్మా, మా వోడిది. ఆడు పాటలు పాడతాడు.”

పాటలు అంది. ఇన్నేళ్లలో ఆమె నోట అరుపులన్న మాటే విన్నాడు. ఇంకొక్కసారి అంటుందేమోనని అక్కడే నిలబడ్డాడు. హైవే మీంచి త్రినాథ్ హారను కొడుతున్నాడు. ఆవిడ ఏం పాటలని అడిగితే బాగుండును. అడగలేదు. కవళ్లు తాజాగా ఉన్నాయా అని అడిగింది. అమ్మడు కత్తిపీట సర్దుకుని చేపలు శుభ్రం చేసే పనిలో పడింది.